లెవెల్ చెక్

నా పని చిన్నది.
వచ్చినవాళ్ళ గుండెకి జానెడు పైన
మిరపగింజంత మైకు తగిలించి
వైరు చొక్కాలోంచి నడుందాకా దించి
"ఏదో ఒకటి మాట్లాడండి సార్, లెవెల్ చూసుకుంటా" అనడం.

సూర్యారావుపేట సందులో మూడో అంతస్తు.
కింద జిరాక్సు కొట్టు, పైన మేము.
లిఫ్టు ఆగిన రోజున
మెట్లెక్కొచ్చిన పెద్దమనుషుల ఆయాసం
ముందు నా చెవిలోనే పడుతుంది.
పదకొండేళ్ళుగా
వాళ్ళ మాటలకంటే వాళ్ళ ఊపిరే నాకెక్కువ తెలుసు.

మొన్న శుక్రవారం రాత్రి ఎనిమిదింటి చర్చ.
సగం రాజకీయం, సగం సినిమా.
పులిహోరలో పాయసం పోసినట్టుంటుంది,
అయినా చూస్తారు.

మాజీ మంత్రిగారు
"సోదర సోదరీమణులారా" అన్నారు,
ఎదురుగా నేనొక్కణ్ణే ఉన్నా.
సూది ఎర్రగీత దాటింది. తగ్గించాను.

విశ్లేషకుడుగారికి నేనక్కర్లేదు, మైకు ఆయనే పెట్టుకుంటారు.
వారానికి నాలుగు సార్లు అదే కోటు,
క్లిప్పు పళ్ళు పడి పడి ఆ చోట నూలు తేలింది.

కొత్త సినిమా అమ్మాయి "వన్, టూ" అని ఆగి
"అన్నా, పొద్దుట్నుంచి ఇది ఆరో ఛానెలు,
కాసిని మంచినీళ్ళు దొరుకుతాయా" అంది.
ఆ గదిలో ఆ పూటకి నిజం అదొక్కటే అనుకున్నా,
అప్పటికి.

నాలుగో కుర్చీ జక్రయ్యది.
గుంటూరు మిర్చియార్డులో కాటా దగ్గర బస్తాలు లెక్కపెడతాడు.
ధర పడిపోయింది కదా,
ఎవరో ఒక మనిషి కావాలన్నారు పైవాళ్ళు.
తెల్లచొక్కా, మడత గీతలు ఇంకా పోలేదు.
అతను కూర్చోగానే అమ్మాయి తుమ్మింది,
మంత్రిగారు తుమ్మారు,
పౌడరు డబ్బాతో మేకప్ సరోజిని రెండు సార్లు తుమ్మింది.
చొక్కా కొత్తదే.
ఘాటు మనిషిది.

"ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టు తాతా" అన్నా.
గొంతు సవరించుకుని
"లాభం" అన్నాడు.
"రెండు... మూడు... నాలుగు... ఐదు... ఆరు...
ఆరున్నొకటి... ఎనిమిది..."
చాలన్నా ఆగలేదు.
నా వేలు నాబు మీదే ఉండిపోయింది.

మా నాయన రేపల్లెలో వడ్లకొట్టు గుమాస్తా.
బిస్మిల్లా అని కుంచం ముంచి
మొదటి కొలతకి లాభమనే అనేవాడు.
ఏడు అనకూడదురా నాగుల్‌మీరా,
ఏడుపు పిలిచినట్టవుతుంది అనేవాడు.
ఆ కొట్టూ పోయింది, కుంచం ఏమైందో తెలీదు.

"లెవెల్ బాగుంది తాతా" అన్నా.
ఇంకేమనాలో తోచలేదు.

ఎర్రలైటు వెలిగింది.
మంత్రిగారు విశ్లేషకుణ్ణి అమ్ముడుపోయావన్నారు,
ఆయన మీరు కొన్నారు కాబట్టే కదా అన్నారు,
చేతులు విసిరినప్పుడల్లా
వైర్లు రాసుకుని నా చెవిలో గాలివాన.
మధ్యలో ట్రైలరు రెండు సార్లు.
సినిమా ఆడాలని మంత్రిగారు దీవించారు,
రాష్ట్రం బాగుండాలని అమ్మాయి కోరుకుంది.
"నాలుగు మూసెయ్" అని లోపల్నుంచి కేక.
మూసేశాను.
మూసినా నాకొక్కడికీ వినపడుతుంది,
మిషన్ అలాంటిది.
నలభై ఆరు నిమిషాలు అతని ఊపిరి విన్నాను.
రెండు సార్లు నోరు తెరిచాడు.
మూడోసారి తెరిపించారు, "అదేనండీ, క్వింటాకి" అన్నాడు,
నగలకొట్టు ప్రకటన వచ్చింది.

మైకు తీస్తుంటే అడిగాడు,
"బాబూ, నా లెక్క టీవీలో పడిందా?"
పడిందనే అన్నాను.
నేను అబద్ధం చెప్పేటప్పుడు నా లెవెల్ ఎవరూ చూడరు.
ఆ అమ్మాయి తను తాగని నీళ్ళసీసా
అతని చేతిలో పెట్టి, కారెక్కేముందు
"ఆరున్నొకటేంటి తాతా?" అంది.
అతను చెప్పబోయాడు.
గుంటూరు ఆఖరి బస్సుకి టైమైపోతోంది.

మర్నాడు అదే కుర్చీలో
వారఫలాలు చెప్పే ఆయన
"శుభం" అనబోయి తుమ్మాడు. మళ్ళీ తుమ్మాడు.
నాలుగో మైకు స్పాంజి మార్చమన్నారు.
ఇంకా మార్చలేదు.